ఆయన ఫోను కంప్యూటర్‌లోకి వెళ్ళాక

మా ఆయనకు చెవులు పోయింది బర్గూరులో. పెళ్ళికి ముందు నుంచీ ఆయన పని గ్రానైట్ కోసే యంత్రాల దగ్గరే. తర్వాత సొంతంగా చిన్న పాలిష్ యూనిట్ పెట్టుకున్నాడు. రంపం రాయిలోకి దిగేటప్పుడు పుట్టే రొద ఎలాంటిదో పక్కన నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. చెవుల్లో దూదైనా పెట్టుకొమ్మని నేనంటే, "పెట్టుకుంటే రాయి పగిలేది ఎట్ల తెలుస్తాది?" అనేవాడు. రాయి పగిలేది తెలిసింది గానీ, మెల్లమెల్లగా మనుషుల మాటలు తెలియకుండా పోయాయి. చివరికి యూనిట్‌ను వేరేవాళ్ళకు అప్పగించి, హోసూరులో ఆయన తమ్ముడు కట్టుకున్న ఇంట్లోనే ఒక వాటాలోకి వచ్చేశాం.

ఊరికే కూర్చునే మనిషి కాదు. ఏ క్వారీలో ఏ రంగు రాయి పడుతోందో, ఏ మేస్త్రికి ఎలాంటి పలకలు కావాలో ఆయనకు బాగా తెలుసు. ఇంట్లోంచే గ్రానైట్ బ్రోకరు పని మొదలుపెట్టాడు. ఆ పనికి కావాల్సింది ఒక్క ఫోను. ఎదురుగా ఉన్న మనిషి మాటనైతే పెదవులు చూసి ఎంతో కొంత పట్టుకునేవాడు. ఫోనుకు పెదవులు లేవు.

నావి ఉన్నాయి కదా. ఫోను ఆయన చొక్కా జేబులో వణకగానే తీసి నా చేతికిచ్చేవాడు. నేను కిటికీ వైపు తిరిగి, వెలుతురు ముఖం మీద పడేలా నిలబడేదాన్ని. అవతలి మనిషి తమిళంలోనో కన్నడలోనో తెలుగులోనో చెప్పేవాడు. నేను దాన్ని తెలుగు చేసి, గొంతు తీయకుండా ఒట్టి పెదవులతో ఆయనకు చెప్పేదాన్ని. అరిచి చెబితే నోరు వంకర పోయి మాట ఆకారం మారిపోతుందని ఆయనే నాకు నేర్పాడు. నా పెదవుల మీద మాట పూర్తి కాకముందే ఆయన కళ్ళలో అర్థం కనిపించేది. వెంటనే నా చెంప దగ్గరకు వంగి, ఫోనులోకి జవాబు తానే చెప్పేవాడు. ఆయన మీసం నా బుగ్గకు తగిలేది.

మా వీధిలో ఒకామె అనేది: "ఇంత వయసొచ్చినాక ఏ మొగుడమ్మా పెండ్లాం మొగాన్ని అన్నిసార్లు చూసేది?" నేను నవ్వి ఊరుకునేదాన్ని. లోపల మాత్రం, నిజమే కదా అనుకుని పొంగిపోయేదాన్ని.

చెవి మిషన్ కొనలేదని కాదు. కొన్నాం. ఫోను దగ్గరకు తేగానే అది కూ అని ఈల వేసేది. మనుషుల మాట కంటే మిక్సీ చప్పుడూ గిన్నెల చప్పుడూ ఎక్కువగా వినిపిస్తున్నాయని ఆయన దాన్ని డబ్బాలో పెట్టి బీరువాలో పడేశాడు. నేను కూడా తీయమని పట్టుబట్టలేదు.

మా తోడికోడలు కోలారు వైపు పిల్ల. బెంగళూరు కంపెనీ ఉద్యోగం, ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్లు, ఎదురుగా ల్యాప్‌టాప్, తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. మరిది ఉద్యోగమూ అలాంటిదే, పక్క గదిలో. ఆ పిల్లంటే నాకు మొదట్లో ఏమీ లేదు. మంచిది. నన్ను అక్కా అని నోరారా పిలుస్తుంది. నేను చేసిన రాగిసంకటి లొట్టలేసుకుంటూ తింటుంది.

అంతా నా జ్ఞానదంతం వల్ల వచ్చింది. దవడ చివర పన్ను పుచ్చి, నొప్పి చెవిదాకా పాకితే, పళ్ళ డాక్టరు దాన్ని కోసి తీశాడు. ఇంటికి వచ్చేసరికి బుగ్గ బూరెలా పొంగింది. నోట్లో దూది కుక్కి ఉంది. మత్తు వల్ల కింది పెదవి ఉందో లేదో నాకే తెలియడం లేదు. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను వణికింది. అలవాటు కొద్దీ నాకిచ్చాడు. బర్గూరు క్వారీ మేస్త్రి. చెప్పింది విని పెదవులు కదిపాను. ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. మళ్ళీ కదిపాను.

"ఏం జెప్తాండావో తెలీలేదు," అన్నాడు.

తోడికోడలు కాఫీ కోసం బయటికి వచ్చి ఇదంతా చూసింది. "ఇటివ్వక్కా, నేను జెప్తాను," అని ఫోను తీసుకుంది. పెదవులతో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చెప్పింది. "నీ నోరు నాకి పట్టుబడ్లేదమ్మా," అన్నాడు. అంత నొప్పిలోనూ నాకు హాయిగా అనిపించింది. అబద్ధం చెప్పడమెందుకు, చాలా హాయిగా అనిపించింది.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. ఆ పిల్ల మేస్త్రితో "కొంచేపుండి చేయండన్నా" అని ఫోను పెట్టేసి, లోపలికి పోయి ల్యాప్‌టాప్ తెచ్చి మా ముందుగదిలో బల్ల మీద పెట్టింది. ఫోనులో బ్లూటూత్ ఆన్ చేసింది. ల్యాప్‌టాప్ తెర మీద ఒక నంబరు వచ్చింది, ఫోను మీద కూడా ఒక నంబరు వచ్చింది.

"రెండూ ఒకటేనా చూడక్కా," అంది.

ఒకటేనని తల ఊపాను. ఆ రెంటినీ కలిపిన దానికి సాక్షిని నేనే అయ్యాను.

"ఇంక బావకొచ్చే ఫోను మాటంతా గాల్లోనే ఇందులోకి వస్తాదక్కా," అని నాకు వివరించింది. "తీగ అక్కరలేదు. ఈడ మనకి కావాల్సినట్ల పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బావ ఈ మైకులో మాట్లాడితే అది మళ్ళీ ఫోనులోకి పోయి అవతలికి పోతాది."

మేస్త్రి మళ్ళీ ఫోను చేశాడు. తెర మీద అతని పేరు వెలిగింది. ఆ పిల్ల స్పీకరు పెద్దది చేసి పెట్టింది. మా ఆయన "హలో" అన్నాడు. అవతల నుంచి గది అదిరేలా గొంతు: "ఎవరప్పా ఆడ, నేను మాట్లాడిందే మళ్ళీ మాట్లాడేది? ఎకసెక్కమా?" అతని మాట మా స్పీకరులోంచి మా మైకులోకి దూరి అతనికే తిరిగి పోతోందట. నాకు ఆశ పుట్టింది. పనికిరాదులే, తీసేస్తుందిలే అనుకున్నాను.

తీయలేదు. లోపల నుంచి తన హెడ్‌ఫోన్లు తెచ్చి ఆయన తలకు పెట్టింది. రెండు చెవులూ పూర్తిగా మూసుకుపోయే రకం. తెర మీద వరసగా నిలువు గీతలు తెరిచి, ఒక్కొక్కదాన్నీ వేలితో పైకి జరుపుతూ వచ్చింది. "బావకి లావు శబ్దాలు వినిపిస్తాయక్కా, సన్నవే పోయినాయి. స, చ, త అనేటివి యాడో జారిపోతాండాయి. వాటిని మాత్రం పెంచితే చాలు," అంది. ఇన్నేళ్ళు ఆయనతో ఉండి, ఆయనకు పోయినవి ఏ అక్షరాలో నాకు తెలియదు. ఆ పిల్ల వచ్చి రెండేళ్ళు కాలేదు.

ఆయన కదలకుండా కూర్చున్నాడు. మొదట నుదురు ముడుచుకుంది. తర్వాత విప్పుకుంది. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. ఫోను వస్తే కళ్ళు ఇంకా పెద్దవి చేసుకునే మనిషి, కళ్ళు మూసుకున్నాడు!

"వినిపిస్తాంది," అన్నాడు. "ఏమప్పా మేస్త్రీ, నీకి జలుబు చేసిందా?"

అవతల అతనేదో అన్నట్టున్నాడు. ఆయన పగలబడి నవ్వాడు. మేస్త్రికి జలుబు చేసిన సంగతి నేనూ ఇందాక విన్నాను. పలకల కొలతలు చెప్పాలనుకున్నాను గానీ జలుబు సంగతి చెప్పాలని నాకెందుకు తోస్తుంది? నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పంటి నొప్పి అనుకుని తోడికోడలు మాత్ర తెచ్చిచ్చింది.

బుగ్గ వాపు తగ్గిపోయింది. నోరు మామూలుగా కదులుతోంది. కానీ ఫోను నా చేతికి తిరిగి రాలేదు. మరిది తన పాత ల్యాప్‌టాప్ అన్నకు ఇచ్చాడు. హెడ్‌ఫోన్లు కొత్తవి తెప్పించారు. ముందుగదిలో బల్ల ఆయనది అయిపోయింది. అక్కడ కూర్చుంటే ఆయన వీపు వంటింటి వైపు ఉంటుంది. నేను పొద్దుటి నుంచి చూసేది ఆ వీపూ, నెత్తి మీదుగా పోయిన ఆ నల్లటి పట్టీ.

కాఫీ తీసుకుపోతే వేలు ఎత్తి ఆగమనేవాడు. ఆ వేలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఫోను పెట్టాక, ఎవరని పెదవులతో అడిగేదాన్ని.

"ఎవరో లే."

"ఏమన్నారు?"

"ఏమీలేదు, సుమ్మనే మాట్లాడినారు."

సుమ్మనే, పనేమీ లేకుండా ఊరికే మాట్లాడటం! నా ద్వారా మాట్లాడిన రోజుల్లో ఎవరూ సుమ్మనే మాట్లాడేవారు కాదు. మధ్యలో ఆడమనిషి ఉందని కాబోలు, పని మాట చెప్పి పెట్టేసేవాళ్ళు. ఇప్పుడు నవ్వులు, వెక్కిరింతలు, ఎవరెవరి కొడుకుల పెళ్ళి సంబంధాలు, ఏ ఊళ్ళో వాన పడింది, ఎవడి లారీ యాడ ఇరుక్కుంది. ఆయన తొడ చరిచి నవ్వేవాడు. నేను ఉల్లిపాయలు తరుగుతూ, ఆ నవ్వు దేనికో ఊహించుకునేదాన్ని. చిక్కేది కాదు. మునుపు నన్ను "అక్కా, బాగుండారా" అని పలకరించిన గొంతులన్నీ ఒక్కసారిగా నన్ను మరిచిపోయాయి. క్వారీ మేస్త్రి భార్య కాన్పు సంగతి కూడా నాకు వీధిలో తెలిసింది.

తోడికోడలి మీద నాకు పుట్టిన కుళ్ళు వేరే రకం. సాయంత్రం తన పని ముగించి వచ్చి, "బావా, ఈ పొద్దు ఎట్లుండాది? నిన్న మాదిరి తెగిపోయిందా?" అని అడిగేది. ఆయన చిన్నపిల్లవాడిలా ఆమెకు అన్నీ చెప్పేవాడు. ఫోను జేబులో పెట్టుకుని పెరట్లోకి పోతే మాట తెగి మళ్ళీ ఫోనులోకే వచ్చేస్తోందని, ఒకసారి ల్యాప్‌టాప్ తనంతట తానే నిద్రపోయిందని, ఒక గొంతు మాత్రం డబ్బాలోంచి వచ్చినట్టుందని. ఆ పిల్ల వంగి ఏదో నొక్కేది. ఇద్దరూ తెర వైపు చూస్తూ తలలు ఊపుకునేవాళ్ళు. వాళ్ళ మాటల్లో సగం నాకు అర్థమయ్యేవి కావు. ఏళ్ళ తరబడి ఆయనకు మాటలు అర్థం చేయించినదాన్ని, ఆయన మాట్లాడేదే అర్థంకాక గుమ్మంలో నిలబడేదాన్ని.

చుట్టాలు వచ్చినప్పుడల్లా అదే ముచ్చట. "కోడలంటే ఇట్లుండల్ల," అని మెచ్చుకునేవారు. ఒక్కరైనా నా వైపు చూసి, ఇన్నాళ్ళూ ఈమె కదా చేసింది అనలేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది మా ఆడబిడ్డ ఫోను. ఆమె రాయకోటలో ఉంటుంది, ఆయనకంటే పెద్దది. తల్లి పోయాక ఆయన్ని ఎత్తుకు పెంచింది. మునుపు ఆమె చేసినప్పుడల్లా, "వాడు తిన్నాడా అడుగమ్మా, ఒళ్ళు బాగుండాదా అడుగు," అనేది. నేను అడిగేదాన్ని, ఆయన బాగున్నాననేవాడు, అంతే. ఆమెకు తమ్ముడి ఫోను ఇప్పుడు ఇలా పనిచేస్తోందని ఎవరో చెప్పినట్టున్నారు. ఒక మధ్యాహ్నం చేసింది. నేను బియ్యం ఏరుతున్నాను.

"అక్కా," అన్నాడు ఆయన. వింటున్నాడు. ఆమె ఒకటే మాట్లాడుతున్నట్టుంది. ఆయన భుజాలు కదిలాయి. నేను చేట పక్కన పెట్టి లేచాను. దగ్గరికి వెళ్ళి చూస్తే కళ్ళ నుంచి నీళ్ళు కారి హెడ్‌ఫోన్ల అంచు మీదికి దిగుతున్నాయి. తుడుచుకోవడం లేదు. "అట్లనా... నాకి తెలీదు కదక్కా... నువ్వెప్పుడూ జెప్పలేదే," అంటున్నాడు.

భుజం మీద చెయ్యి వేశాను. ఆయన నా చెయ్యి తట్టి, వేలు ఎత్తాడు. ఆగు అని.

ఫోను పెట్టేసి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా పోయి నిలబడి, "ఏమంట? ఎవరికన్నా బాగలేదా?" అని అడిగాను.

"అందరూ బాగుండారు."

"మరి ఎందుకు ఏడ్చినావు?"

"మా అక్కా నేనూ మాట్లాడుకున్న్యాంలే. నీకెందుకు అదంతా?"

కోపంగా అనలేదు. మెత్తగానే అన్నాడు. అందుకే ఇంకా కోసుకుపోయింది. ఆయన చెవిలోకి నా నోటి మీదుగా తప్ప ఒక్క మాట పోని రోజులు నేను చూశాను. ఇప్పుడు నాకెందుకట.

నేరుగా తోడికోడలి గదికి పోయాను. ఆమె హెడ్‌ఫోన్లు తీసి, "ఏమక్కా?" అంది.

"నీ కంప్యూటరు విద్యలు నీ గదిలోనే పెట్టుకోరాదా అమ్మా? నా కొంపలోకి ఎందుకు తెచ్చినావు?"

ఆ పిల్ల బిత్తరపోయింది. "బావకి ఏమన్నా అయిందా?"

"బావకేం? రాజా మాదిరి ఉండాడు. నాకే. నాకింక ఈడ ఏమి పని? మొగమన్నా చూడ్డంలేదు నీ బావ."

ఆమె కళ్ళు దించుకుంది. వంకరగా ఏమన్నా అంటుందని, అంటే దులిపేద్దామని చూస్తున్నాను. ఆమె మెల్లగా, "అక్కా, నేనీ ఇంటికొచ్చిన కొత్తలో మిమ్మల్నిద్దర్నీ చూస్తే నాకెంత కడుపుమంటగా ఉండిందో తెలుసా?" అంది. "కిటికీ కాడ అట్ల నిలబడి, ఒకరి నోరు ఒకరు చూసుకుంటా. మా ఆయన పక్క గదిలోంచి 'అన్నం అయిందా' అని నాకు మెసేజ్ పెడతాడు. గోడకవతలే ఉండేది. ఆయన నా మొగం చూసి మాట్లాడి ఎన్నాళ్ళయిందో నాకే జ్ఞాపకం లేదు."

"అందుకని చెరిపినావా?" నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"లేదక్కా," అంది. కొంచెం ఆగి, "లేదనుకుంటాండాను," అంది.

అంత నిజం చెప్పే మనిషితో ఎలా పోట్లాడాలో నాకు తెలియలేదు. బయటికి వచ్చి బియ్యం ఏరుకున్నాను. కుళ్ళు మాత్రం తగ్గలేదు. దానికి జాలి తోడయింది, అంతే.

కృష్ణగిరి పక్కన మా పుట్టింటివాళ్ళకు మామిడి తోట ఉంది. కాయ కోసే రోజుల్లో మా అన్నా వదినా రమ్మని పిలుస్తారు. ఎప్పుడూ పోలేకపోయేదాన్ని. పోయినా పొద్దున పోయి సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని, ఫోను ఎత్తేవాళ్ళు లేరని. ఈసారి వదిన పిలిస్తే ఆయనే అన్నాడు: "పొయ్యిరా. ఎన్నాళ్ళు కావాల్నో ఉండిరా. ఈడ నాకేం ఇబ్బంది లేదు."

ఇబ్బంది లేదట. సంచిలో చీరలు కుక్కుతూ, ఒక్కసారన్నా "తొందరగా వచ్చెయ్" అంటాడేమోనని చూశాను. ఆయన బర్గూరు ఫోనులో ఉన్నాడు. చెయ్యి ఊపాడు.

తోటలో పని ఊపు మీద ఉంది. చెట్ల కింద కాయ రాశులు పోసి, రకాలు వేరుచేసి, గడ్డి పరిచిన క్రేట్లలో సర్దుతున్నారు. నేనూ కూర్చుని సర్దాను. చేతులకు జీడి అంటి నల్లబడ్డాయి. ఆయన ఫోను చేస్తాడని ఎదురుచూడలేదు అంటే అబద్ధం. ఎవరి ఫోను మోగినా నా చెయ్యి ఫోను కట్టుకున్న కొంగు ముడి దగ్గరకు పోయేది.

వదిన చూసి చూసి, "నువ్వే చెయ్యి వదినా, ఇప్పుడు వినిపిస్తాదంట కదా అన్నకి," అంది.

అప్పుడు తట్టింది నాకు. నేనెప్పుడూ మా ఆయనకు ఫోను చేయలేదు. ఎలా చేస్తాను? ఆయన ఫోను మోగితే ఎత్తేది నేనే కదా. ఎక్కడికన్నా పోతే మరిదికి చేసి సంగతి చెప్పమనేదాన్ని. నా ఫోనులో ఆయన నంబరు కూడా లేదు. ఎంతమందికి నోటితో చెప్పానో లెక్కలేదు గానీ, ఆ అంకెలు నా వేళ్ళతో ఎప్పుడూ నొక్కలేదు. ఒక చెట్టు వెనక్కి పోయి, చేతులు కొంగుకు తుడుచుకుని నొక్కాను.

"హలో, ఎవరండీ?" అన్నాడు.

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను. ఇంత దగ్గరగా, ఇంత మర్యాదగా ఉంటుందా ఈయన ఫోను గొంతు! ఇదా అందరూ వింటున్నది!

"ఎవరు మాట్లాడేది? గ్రానైట్ కావల్లా?"

"నేనే," అన్నాను.

"నేనే అంటే ఎవరమ్మా? యాడ నుంచి?"

"కృష్ణగిరి నుంచి."

"కృష్ణగిరిలో ఎవరు? మా ఇంటామె గూడా ఆడే ఉండాది."

ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను. కాదు. నిజంగానే ఆయనకు తెలియలేదు. నా పెదవులు చీకట్లో చూసినా గుర్తుపట్టే మనిషికి నా గొంతు తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఏళ్ళుగా ఆయన దగ్గర నేను గొంతు తీసిందే లేదు. ఆ హెడ్‌ఫోన్లు వచ్చాక అందరి గొంతులూ ఆయనలోకి పోయాయి. మేస్త్రిది, లారీవాళ్ళది, ఆడబిడ్డది. నాది ఒక్కటే బయట నిలబడి ఉంది. అక్కడే చెట్టు మొదట్లో కూలబడ్డాను.

"ఆమెనే నేను," అన్నాను.

తెగిపోయిందేమోనని ఫోను చూసుకున్నాను.

"నువ్వా?" అన్నాడు. "నీ గొంతా ఇది? మీ అమ్మ మాట్లాడినట్లే ఉండాది కదమే!"

మా అమ్మ పోయి చాలాకాలమైంది. ఆమె గొంతు ఆయన మంచి చెవులతో విన్నాడు. నా గొంతు నడివయసుకు వచ్చి ఆమె గొంతు అయిపోయిందని నాకే తెలియదు. చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

"ఇంకా మాట్లాడు," అన్నాడు.

"ఏం మాట్లాడేది?"

"ఏమన్నా. కాయ ఎట్లుండాది చెప్పు."

చెప్పాను. ఈసారి గాలికి పిందె రాలిపోయిందనీ, మిగిలిన కాయ బాగా ఊరిందనీ, మండీకి రేపు ట్రాక్టర్ పోతుందనీ. ఆయన ఊ కొడుతూ ఉండి, "అంత నిదానంగా ఎందుకు మాట్లాడతాండావు?" అన్నాడు. చూసుకుంటే, ఎదురుగా ఉన్న మామిడి కొమ్మకు ఒక్కొక్క మాటా పెదవులు విప్పి విప్పి చెబుతున్నాను. నాకే నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు నాకోసం, నా చెవిలో.

అంతలోనే, "ఉండుండు, బర్గూరోని ఫోనొస్తాంది. ఒక్క నిమిషం," అన్నాడు. తర్వాత నా చెవిలో లైనులో ఆగమనే పాట మొదలైంది.

కట్ చేశాను. మళ్ళీ వెళ్ళి కాయల ముందు కూర్చున్నాను. ఒక్కొక్క కాయనూ అవసరం కంటే గట్టిగా క్రేటులో పెడుతుంటే వదిన, "కందిపోతాయి వదినా," అని మెల్లగా లాక్కుంది.

కొంచెంసేపటికి నా ఫోను మోగింది. ఆయనే. ఆయన నాకు చేసిన మొదటి ఫోను.

"కట్ చేసినావేమి?"

"నాకి పనుండాది."

"కోపమొచ్చినట్లుండాది."

"గొంతులో తెలుస్తాందా?"

"శానా తెలుస్తాంది," అన్నాడు. "మొగంలో ఎప్పుడూ తెలీకుండా చేసినావే!"

ఇక ఆపుకోలేకపోయాను. "ఇన్ని నెలలుగా ఊళ్ళో అందరి గొంతూ విన్న్యావు. నాది వినల్లని ఒక్క పొద్దన్నా నీకి తోచలేదా?"

ఆయన కుర్చీ కిర్రుమన్నది, వీధిలో కూరగాయల బండివాడి కేక, అన్నీ నాకు వినిపించాయి.

"నీది నాకి తెలుసనుకున్న్యాను," అన్నాడు.

మామిడికాయల సంచితో బస్సు ఎక్కి, అనుకున్నదానికంటే ముందే హోసూరు చేరాను. గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నాకు ఫోను అలవాటైపోయి, "బస్సులో నిలబడే వచ్చినాను," అని గొంతెత్తి చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినపడ్లేదు. లోపలికి పొయ్యి ఫోన్ చెయ్యి," అన్నాడు. వేళాకోళం కాదు.

వంటింట్లోకి పోయి చేశాను. ముందుగదిలో తెర మీద నా నంబరు వెలగడం అక్కడి నుంచే కనిపించింది. ఆయన హెడ్‌ఫోన్లు సర్దుకుని, "చెప్పు," అన్నాడు. బస్సు సంగతి, వదిన సంగతి, కాయల సంగతి చెప్పాను. పొయ్యి మీద పాలు పెట్టి, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఎదురుగా గోడకున్న డబ్బాలను చూస్తూ కబుర్లు చెప్పాను. ఆయన సుమ్మనే విన్నాడు, సుమ్మనే నవ్వాడు.

తోడికోడలు ఖాళీ కప్పుతో గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ముందుగదిలోకి చూసింది, నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, కొన్ని నెలలుగా గుమ్మంలో నిలబడి నేను చూసిన చూపు అదే. పాలు పొంగాయి. పొయ్యి తగ్గించి, ఆమె కప్పు అందుకుని కాఫీ పోసి ఇచ్చాను. ఫోను మాత్రం అప్పుడే పెట్టలేదు.